పిచ్చిదాని నోట న్యాయం

మనిషి చంద్రుడి మీద కాలు పెట్టడానికి నెలన్నర ముందు, 1969 జూన్ 3న, అమెరికాలో ‘స్టార్ ట్రెక్’ అనే టీవీ సీరియల్ ముగిసింది. ఆ ఆఖరి భాగం పేరు ‘టర్నెబౌట్ ఇంట్రూడర్’. మొన్న మా అబ్బాయి కంప్యూటర్లో పెట్టి చూపించాడు. చూసిన దగ్గర్నుంచీ నాకు ఒళ్ళు మండుతూనే ఉంది. సీరియల్ చెడ్డదని కాదు సుమండీ. మంచిది కనకనే ఈ మంట.

1966లో మొదలైన ఆ సీరియల్లో అంతరిక్ష నౌకను నడిపే గదిలో ఎవరెవరు కూర్చునేవారో చూడండి. నల్లజాతి స్త్రీ ఉహురా, జపాను మూలాలున్న సులూ, రెండో ఏడు నుంచీ రష్యా కుర్రాడు చెకోవ్. అమెరికా, రష్యా ఒకళ్ళ మీద ఒకళ్ళు బాంబులు గురిపెట్టుకున్న రోజులవి. అప్పుడు అలాంటి కల కన్నవాళ్ళు ఎంత మంచివాళ్ళో అనిపిస్తుంది కదూ? సరిగ్గా ఆ మంచివాళ్ళే 79వ భాగానికి వచ్చేసరికి మన దగ్గర బోల్తా పడ్డారు.

కథ ఇదీ. జానిస్ లెస్టర్ అని ఓ శాస్త్రవేత్త. ఒకప్పుడు ఆమే, కెప్టెన్ కిర్కూ ప్రేమించుకున్నారు. ఓడ కెప్టెన్ల లోకంలో ఆడవాళ్ళకి చోటు లేదు, ఇది అన్యాయం అంటుందావిడ. కిర్క్ కాదంటాడా? అనడు. అన్యాయమేనని ఒప్పుకుంటాడు! ఇరవైమూడో శతాబ్దంట. మనిషిని ఇక్కడ మాయం చేసి వేరే గ్రహం మీద తేల్చగలరు గానీ, ఆడదాన్ని ఓ కుర్చీలో కూర్చోబెట్టలేరు.

ఇహ ఆవిడ ఏదో పురాతన యంత్రంతో కిర్క్ శరీరంలోకి తను దూరి, అతన్ని తన శరీరంలోకి తోసేస్తుంది. పరకాయ ప్రవేశం మనకు కొత్తా? విక్రమార్కుడి కథలు వింటూ పెరిగినవాళ్ళం. యోగవాసిష్ఠంలో చూడాల రాణి సంగతి గుర్తు చేసుకోండి. భర్త శిఖిధ్వజుడి కంటే ముందే జ్ఞానం సంపాదించింది. ఆ మాట చెబితే ఆయన నవ్వాడు. తర్వాత రాజ్యం వదిలి తపస్సుకంటూ అడవికి పోతే, ఆవిడ రాజ్యమూ ఏలింది, బ్రాహ్మణ కుర్రాడి రూపంలో వెళ్ళి ఆయనకి పాఠమూ చెప్పింది. ఎక్కడా తడబడలేదు, ఎవరినీ చంపలేదు.

మరి జానిస్? కెప్టెన్ కుర్చీలో కూర్చుందో లేదో అరుపులు, కేకలు. మధ్యలో గోళ్ళు అరగదీసుకోవడం. ఎదురు చెప్పిన స్పాక్, డాక్టర్ మెకాయ్, ఇంజనీర్ స్కాట్‌లకు మరణశిక్ష. కెప్టెన్ని అన్ని అవస్థల్లోనూ చూశాను గానీ ఇలా హిస్టీరియాతో మొహం ఎర్రబడగా ఎన్నడూ చూడలేదంటాడా ఇంజనీరు. అంటే మగవాడి ఒంట్లో ఆడది దూరిందని పట్టుకోవడానికి గుర్తు అదన్నమాట!

నా కోపమంతా ఈ ఎత్తుగడ మీదే. న్యాయమైన ప్రశ్నని తెచ్చి ఓ పిచ్చిదాని నోట పెట్టడం. ఆవిడ హంతకురాలని తేలాక ఇంక ప్రశ్నకు జవాబు చెప్పే పనేముంది? ఈ విద్య మన ఇళ్ళలోనూ బాగానే తెలుసు. పుట్టింటి పొలంలో వాటా అడిగిన పిల్లకి ‘మొగుడు నూరిపోశాడు’ అంటారు. ఆఫీసులో ప్రమోషన్ సంగతి ఎత్తినావిడకి ‘నరాల జబ్బుటండీ’ అంటారు. వాటా మాట, ప్రమోషన్ మాట మళ్ళీ వినపడితే ఒట్టు!

“అప్పటి కాలం అదమ్మా,” అన్నాడు మా వాడు. ఏ కాలం నాయనా? సిరిమావో బండారునాయకే 1960లోనే శ్రీలంక ప్రధాని అయింది. 1966లో ఇక్కడ ఇందిరాగాంధీ. ఈ భాగం ప్రసారమయ్యే నాటికి ఇజ్రాయెల్లో గోల్డా మెయిర్ గద్దెనెక్కి రెండున్నర నెలలు. రష్యా అమ్మాయి తెరిష్కోవా 1963లోనే ఒంటరిగా అంతరిక్షం చుట్టి వచ్చింది. మూడొందల ఏళ్ళ ముందుకు చూడగలిగినవాళ్ళకి ఆరేళ్ళ వెనక్కి కనపడలేదా?

పైగా ఈ కథ అల్లింది సీరియల్ సృష్టికర్త జీన్ రాడెన్‌బెర్రీయే. 1964లో ఆయన తీసిన మొట్టమొదటి నమూనా భాగంలో ఓడలో కెప్టెన్ తర్వాతి అధికారి ఓ స్త్రీ. మాజెల్ బారెట్ వేసింది. టీవీ కంపెనీ ఆ నమూనాని వద్దంది, రెండోసారి తీసినప్పుడు ఆ పాత్ర ఎగిరిపోయింది. ఆ మాజెల్ బారెట్ ఈ ఆఖరి భాగంలోనూ ఉంది లెండి, నర్సుగా! ఉహురా అయితే ఇందులో అసలు కనపడనే కనపడదు. ఆడ కెప్టెన్ నాయికగా ఈ పరంపరలో సీరియల్ రావడానికి 1995 దాకా ఆగాల్సి వచ్చింది.

ఇంకొక్కటి చెప్పి వదిలేస్తాను. జానిస్ వెంట డాక్టర్ కోల్‌మన్ అని ఒకడున్నాడు. చేతకానితనానికి ఓడ డాక్టరు పదవి ఊడినవాడు. తోటివాళ్ళు చచ్చిపోతుంటే ఆవిడ కోసం నోరు మూసుకుని చూసినవాడు, ఆఖర్న కిర్క్‌ని చంపడానికి సిరంజి పట్టినవాడు. చివరికి జానిస్ తన ఒంట్లోకి తను వచ్చి పడి ఏడుస్తుంటే, ఆవిణ్ణి నేను చూసుకుంటానంటాడు. అందరూ సరేనని ఆ మహానుభావుడికే అప్పగిస్తారు. అతనికి పిచ్చని మాత్రం ఒక్కరూ అనరు.