అమ్మమ్మ ఫ్రేములో మనవడు

దిల్‌సుఖ్‌నగర్‌లోనో, ఎల్బీనగర్‌లోనో అమ్మానాన్నలు. అమెరికాలో పిల్లలు. సెలవులకొచ్చిన అబ్బాయి టీవీ పక్కన డిజిటల్‌ ఫొటోఫ్రేమ్‌ పెట్టి వెళ్తాడు. తీరా ఆన్‌ చేస్తే సగం ఫొటోలు రావు! 2017లో వచ్చిన ఐఓఎస్‌ 11 నుంచి ఐఫోన్లు ఫొటోల్ని హెచ్‌ఈఐసీ రకంలో దాస్తున్నాయి. పాత ఫ్రేములకేమో జేపీఈజీనే తెలుసు. కాబట్టి ముందే మార్చి కార్డులో వేయాలి. చాలా ఫ్రేములు పేర్ల వరుసలోనే చూపిస్తాయి. 001, 002 అని పెడితే బారసాల తరవాతే అన్నప్రాసన వస్తుంది. నిలువు ఫొటోలకు పక్కన నల్లపట్టీలు తప్పవు, తలలు తెగ్గొట్టడం కన్నా అదే నయం. అసలు సంగతి వేగం. ఐదు సెకన్లకోటి మారిపోతే, అమ్మమ్మ కళ్లజోడు వెతుక్కునేలోపే మనవడు వెళ్లిపోతాడు. అర నిమిషమైనా ఉండనివ్వండి.