ఆగరాని కొలిమి, ఆగిన బడి

విశాఖపట్టణం ఆగరాని పనులమీద బ్రతుకుచున్న నగరం. రేవునకు ఓడ వచ్చినదంటే సరకు దిగక తప్పదు. ఉక్కు కర్మాగారంలో బ్లాస్టు ఫర్నేసు ఒకసారి చల్లారినదంటే దానిని తిరిగి రాజేయుట కష్టంతోను, వ్యయంతోను కూడిన పని. 2020 మార్చి 24న కరోనా మహమ్మారి కారణంగా కేంద్ర ప్రభుత్వం దేశమంతటా లాక్‌డౌను ప్రకటించినప్పుడు ఈ సంగతిని మరువలేదు. ఎడతెగక సాగవలసిన ఉత్పత్తులకు రాష్ట్ర ప్రభుత్వపు అనుమతితో మినహాయింపు నిచ్చినది. బడికి మాత్రం మినహాయింపు లేదు. ఉండుటకు వీలును లేదు. పసిపిల్లల ప్రాణాలతో పందెం కట్టరాదు గదా! అయితే చదువు కూడ కొలిమి వంటిదేనన్న ఎరుక, బడి తలుపులు తిరిగి తెరచిన నాడైనా కలుగవలసినది. ఆ ఎరుక తగినంతగా కలుగలేదు.

ఆ యేడు 190కి పైగా దేశాలలో సుమారు 160 కోట్లమంది విద్యార్థుల చదువునకు ఆటంకం కలిగినది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 మార్చిలో మూతపడిన ప్రాథమిక పాఠశాలలు 2021 ఫిబ్రవరిలో తెరచినవి. ఏప్రిల్‌లో మరల మూతపడి ఆగస్టు 16న తెరచినవి. 2020 మార్చిలో ఒకటవ తరగతిలో ఉన్న పిల్లవాడు, రెండవ తరగతిని కొన్ని వారాలు మాత్రమే చూచి, 2021 ఆగస్టు నాటికి మూడవ తరగతిలో కూర్చున్నాడు. నడుమ దూరదర్శన్‌లో పాఠాలు ప్రసారమైనవి, సెల్‌ఫోనులో పాఠాలు వచ్చినవి. కాని ఇంటికి ఒక్క ఫోనే ఉన్నచోట, అది తండ్రి జేబులో పనికి పోయినప్పుడు పాఠం కూడ దానివెంటనే పోయినది. తరగతి పెరిగినది; చదువు పెరుగలేదు.

గ్రామీణ ప్రాంతాలలో జరిగే అసర్ సర్వే ఈ నష్టాన్ని లెక్కలలో చూపినది. ఆంధ్రప్రదేశ్ గ్రామాలలో రెండవ తరగతి పాఠం చదువగల మూడవ తరగతి పిల్లలు 2018లో నూటికి 22.6 మంది కాగా, 2022లో 10.3 మంది మాత్రమే. ఈ లెక్క పట్టణాలది కాదు. అయినను ఆ కాలంలో నగరంలోని బడి కూడ మూతపడినదని మరువరాదు. ఇందులో మరియొక గుణపాఠం ఉన్నది. మహమ్మారి రాక పూర్వమే నూటికి డెబ్బదియేడుగురు పిల్లలు ఆ పాఠం చదువలేక పోయినారు. వ్యాధి పాతది, మహమ్మారి దానిని ముదిరించి బయటపెట్టినది.

అట్టి సమయాన వ్యవస్థ చేసినదేమి? 2022 జూన్‌లో వెలువడిన 117వ నంబరు ఉత్తర్వు ప్రకారం అనేక ప్రాథమిక పాఠశాలలలోని మూడు, నాలుగు, ఐదు తరగతులను కిలోమీటరు లోపలి ఉన్నత పాఠశాలలకు తరలించినారు. ప్రతి విషయానికి ఒక ఉపాధ్యాయుడు లభించుననునది దాని ఉద్దేశం. ఉద్దేశం మంచిదే కావచ్చును. కాని అక్షరాలే కుదురని పిల్లవానికి అప్పుడు కావలసినది తన్నెరిగిన ఒక్క పంతులు. 2025లో ఆ ఉత్తర్వు రద్దయినది. అయితే బాల్యంలో గడచిన మూడేండ్లను ఏ ఉత్తర్వూ తిరిగి తేజాలదు.

నిరాశ చెందనక్కర లేదు. 2021 జూలైలో కేంద్రం ప్రారంభించిన నిపుణ్ భారత్ కార్యక్రమం చదువుట, వ్రాయుట, లెక్కించుట అనే పునాదులపై దృష్టి నిలిపినది. గ్రామీణ భారతంలో పై విధంగా చదువగల మూడవ తరగతి పిల్లలు 2022లో నూటికి 20.5 మంది ఉండగా, 2024లో 27.1 మంది అయినారు. పునాదికి తిరిగి పోయిన చోట ఫలితం కనబడుచున్నదన్నమాట.

ఈ మార్గం విశాఖ సీమకు కొత్తది కాదు. ఇరువదవ శతాబ్ది తొలి దశాబ్దంలో పాఠశాలల ఇన్‌స్పెక్టరు యేట్సు దొర, విశాఖపట్టణం ఏ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, గిడుగు రామమూర్తి పంతులుగారు, గురజాడ అప్పారావుగారు కలసి వాడుక భాషలో బోధన కావలెనన్న వాదానికి పునాది వేసినారు. పిల్లవానికి తెలియని భాషలో పాఠమేలనన్నదే వారి ప్రశ్న. రామమూర్తి పంతులుగారు సవర పిల్లలకు చదువు చెప్పుటకై ముందు తామే సవర భాష నేర్చినారు. ఆ భాషలో వాచకాలు వ్రాసినారు. తమ సొంత సొమ్ముతో బడి నడిపినారు. పిల్లవాడు ఎక్కడ నిలిచియున్నాడో అక్కడికి ముందు గురువు నడచి పోవలెననుటకు ఇంతకంటె సాక్ష్యం వేరే ఏల?

పాఠం వినిపించుటయే ఉపాధ్యాయుని పని అయినచో, ఫోను ఆ పని చేయగలదు. విన్నవాని ముఖం చూచి, అర్థమైనదో లేదో గ్రహించి, ఆగి, వెనుకకు పోయి మరల చెప్పుట ఫోనుకు చేతకాలేదు. అదియే గురుత్వం. దీనికి మొదట కావలసినవి మూడు: ప్రతి సంవత్సరారంభమున పిల్లల స్థాయిని తెలిసికొనుటకు కొన్ని వారాల వ్యవధి, అవసరమైనచో పాఠ్యపుస్తకాన్ని ప్రక్కన పెట్టుటకు స్వేచ్ఛ, పాఠానికి సంబంధించని నమోదులనుండి విముక్తి. తనిఖీకి వచ్చిన అధికారి ఎన్ని పాఠాలు పూర్తియైనవని కాక, ఎందరు పిల్లలు చదువగలుగుచున్నారని అడుగవలెను. ఆ ప్రశ్న ఒక్కటి మారినను బడి మారును.

కర్మాగారంలో కొలిమి చల్లారకుండ రేయింబవళ్లు కనిపెట్టియుండు పనివారున్నారు. తరగతి గదిలో ఆ పని ఉపాధ్యాయునిది. దానికి తగిన తీరికను, గౌరవాన్ని అతనికి కల్పించుట సమాజం వంతు.