పట్నం మురుగు మన చెరువుకు వస్తే

సరిహద్దు దాటితే కోలారు. పుంగనూరు, పలమనేరు రైతులకు అది పరాయి సీమ కాదు. అక్కడా తెలుగు వినిపిస్తుంది, అక్కడా టమోటానే, అక్కడా రాతి నేలే. ఏడాది పొడుగునా పారే ఏరు లేదు. బోరు వెయ్యి అడుగులు దాటినా దుమ్ము తప్ప నీళ్ళు పడని ఊళ్ళెన్నో. అలాంటి చోటికి 2018 జూన్‌లో నీళ్ళొచ్చాయి. కోరమంగల-చల్లఘట్ట లోయ పథకం కింద బెంగుళూరు మురుగును శుద్ధి చేసి, రోజుకు 44 కోట్ల లీటర్ల లక్ష్యంతో లక్ష్మీసాగర చెరువుకు ఎత్తిపోశారు. అక్కడి నుంచి ఒక చెరువు అలుగు పారితే పాత కాలువల గుండా ఇంకో చెరువు నిండుతుంది. చెరువులో మోటారు దించకూడదు. నీరు భూమిలోకి ఇంకాలి, రైతు బోరు ద్వారానే తోడుకోవాలి.

ఫలితం రాలేదని ఎవరూ అనలేరు. చెరువుల చుట్టుపక్కల బోర్లలో నీటిమట్టం పెరిగింది. కానీ జులైలోనే లక్ష్మీసాగరలో తెల్లటి నురగ లేచింది. హైకోర్టు ఆపింది, తర్వాత అనుమతించింది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆపింది, ఆ తర్వాత నీళ్ళు మళ్ళీ నడిచాయి. అక్కడి ఉద్యమకారులు పట్టుబట్టింది ముఖ్యంగా ఒక్కదాని కోసం: రెండో దశ శుద్ధితో ఆపొద్దు, మూడో దశ కూడా చేసి పంపండి.

మొదటి దశలో మడ్డి అడుగుకు దిగుతుంది. రెండో దశలో గాలి కొట్టి, సూక్ష్మజీవుల చేత కుళ్ళును తినిపిస్తారు. నీళ్ళు కంటికి తేటగా కనబడతాయి. నైట్రేటు, భాస్వరం, సబ్బుల రసాయనాలు, రోగక్రిములు, ఫ్యాక్టరీల లోహాలు ఎంతో కొంత అందులోనే ఉంటాయి. వాటిని పట్టేది మూడో దశ. అది ఖర్చుతో కూడినది గనుక, మిగతా పని చెరువూ నేలా చేసుకుంటాయిలే అన్న వాదన వస్తుంది.

ఈ వాదనలో సగం నిజముంది. తుంగ, జమ్ము పెరిగిన నీటిపట్టులో వేళ్ళను అంటుకుని కోట్ల సూక్ష్మజీవులు బతుకుతాయి. గాలి ఆడని బురదలో అవి నైట్రేటును విడగొట్టి గాలిలో కలిపేస్తాయి. ఎండకూ, నిలకడకూ క్రిములు చస్తాయి. హైదరాబాద్ దిగువన మూసీ మీద ఒక్కో కత్వ దాటేకొద్దీ కుళ్ళు తగ్గడం ఇందుకే. ఉప్పు మాత్రం తగ్గదు. లోహాలూ మాయం కావు, బురదలో చేరి కూర్చుంటాయి.

నేల వడగడుతుందన్న మాట ఇసుక నేలల్లో, లోతైన ఒండ్రులో చెల్లుతుంది. మనది నల్లరాయి. పైన కొద్దిపాటి మట్టి, కింద పగుళ్ళు. పగులులో దిగిన నీరు ఏ వడపోతా లేకుండా నేరుగా బోరుకు చేరుతుంది. తాగేనీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆ బోరు నీళ్ళే ఊరంతా తాగుతున్నప్పుడు, శుద్ధి నీరు భూమిలోకి దిగకముందే, పైనే పూర్తి కావాలి. చెరువు పాడైతే ఎండగట్టి పూడిక తీయొచ్చు. రాతి పగుళ్ళను ఎవరు కడుగుతారు?

పూడిక అంటే ఇంకో సంగతి. ఎండాకాలం చెరువు మట్టి తోలుకుని చేలకు చల్లడం మన తాతల నాటి ఎరువు. మురుగు చేరిన చెరువులో ఆ మట్టిలోనే సీసం, క్రోమియం పేరుకుంటాయి. నీటి పరీక్షలు చేస్తామనే అధికారులు మట్టి పరీక్ష ఊసెత్తడం అరుదు.

రేపు అనంతపురం మురుగో మదనపల్లె మురుగో శుద్ధి చేసి చెరువులకిస్తామంటే వద్దనడం తెలివి కాదని నా అభిప్రాయం. పట్నం తాగే నీళ్ళలో వాటా అడగలేని మనకు, వాడి వదిలిన నీళ్ళయినా దక్కాలి. అయితే మూడో దశ లేకుండా ఒక్క చెరువుకూ వదలనివ్వకూడదు. మొదటి చెరువుకు ఎగువన తుంగ, జమ్ము పెంచిన మడుగులు కట్టాలి, వాటి బురదను ఏటా తీసి వేరుగా పూడ్చాలి. అవి పొలాలకు పోకూడదు. ఫ్యాక్టరీల నీరు ఇళ్ళ మురుగులో కలవకుండా పట్నంలోనే ఆపాలి. ఇది జరగకపోతే మిగతాదంతా కంటితుడుపే. చెరువు నీరు, బోరు నీరు, పూడిక మట్టి, ఈ మూడింటి పరీక్షల అంకెలు నెలనెలా పంచాయతీ గోడ మీద తెలుగులో రాయించాలి. మొదటి పరీక్ష నీళ్ళు రాకముందే జరగాలి. పాత లెక్క చేతిలో లేకపోతే, బోరు చెడిందని తర్వాత మనమెంత మొత్తుకున్నా అది ముందునుంచీ అంతేనంటారు.