తెర వెనుక కబుర్లు: యంత్రం 'కట్' కనిపెడుతుందా?

సూర్యాపేట, మిర్యాలగూడ, కోదాడ... ఈ వారం ఉత్తరాలన్నీ నల్లగొండ వైపు నుంచే! మూడింటి సారాంశమూ ఒకటే. సినిమాలో ఎక్కడెక్కడ షాట్ మారిందో కంప్యూటర్ దానంతటదే కనిపెట్టేస్తుందట, నిజమేనా అని. నిజమే మిత్రులారా! అయితే ఎలా కనిపెడుతుందో, ఎక్కడ బోల్తా పడుతుందో తెలిస్తే ఇంకా మజాగా ఉంటుంది.

ముందు సూర్యాపేట మిత్రుడి ప్రశ్న: "దానికి కథ తెలీదు కదా, సీను మారిందని ఎలా తెలుస్తుందండీ?"

కథ తెలీదు. తెలిసింది లెక్క ఒక్కటే. సినిమాకి సెకనుకు 24 ఫ్రేములు. మూడు గంటల సినిమా అంటే 2,59,200 బొమ్మలన్నమాట. ఒక్కో బొమ్మలో వెలుగెంత, చీకటెంత, ఏ రంగు ఎంత అని లెక్కగట్టి పక్క బొమ్మ లెక్కతో పోల్చుకుంటూ పోతుంది. హీరో నాలుగడుగులు వేసినా లెక్క పెద్దగా మారదు. పచ్చటి పొలం పోయి పోలీస్ స్టేషన్ వచ్చిందనుకోండి, లెక్క తలకిందులైపోతుంది. వెంటనే "ఇదుగో కట్" అని గుర్తు పెట్టేస్తుంది.

అన్నట్టు, అది పట్టుకునేది షాటునే, సీనుని కాదు. హీరో ఒక ఊళ్ళో, హీరోయిన్ ఇంకో ఊళ్ళో ఉండి ఫోన్లో కబుర్లాడుకుంటుంటే మనకది ఒకటే సీను. యంత్రానికి మాత్రం ఇరవై ముప్ఫై కట్లు!

"ఎంత తేడా వస్తే కట్ అనాలి?" ఇది మిర్యాలగూడ మిత్రుడి ప్రశ్న. జవాబు మీ ఊరి రైస్ మిల్లులోనే ఉంది సుమా! రంగు మారిన గింజని కెమెరాతో కనిపెట్టి, గాలి ఊది ఎగరగొట్టే సార్టెక్స్ మిషను చూసే ఉంటారు. సెట్టింగు బిగిస్తే మంచి గింజా పోతుంది. వదులు చేస్తే నల్ల గింజ బస్తాలోకెక్కుతుంది. ఇక్కడా అంతే. బిగిస్తే పౌరాణికంలో మెరుపు మెరిసినా, పెళ్ళి వీడియోలో ఫ్లాష్ వెలిగినా కట్టే అంటుంది. వదులు చేస్తే ఒక బొమ్మ మెల్లగా కరిగి ఇంకో బొమ్మ తేలే డిజాల్వ్ దాని కళ్ళు గప్పి జారుకుంటుంది.

1993లో సింగపూర్ పరిశోధకులు జాంగ్, కంకనహళ్ళి, స్మోలియార్ దీనికో ఉపాయం చెప్పారు. హద్దు ఒకటి కాదు, రెండు పెట్టండన్నారు. పెద్ద హద్దు దాటితే కట్. చిన్న హద్దు దాటితే అనుమానం. అనుమానం మొదలైన ఫ్రేముతో తర్వాతి ఫ్రేముల్ని పోల్చుకుంటూ పోయి, తేడా పెద్ద హద్దుకి చేరితే డిజాల్వ్! ఆ తర్వాత 2001 నుంచి 2007 దాకా అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఏటా ఇలాంటి పద్ధతులకు పరీక్ష పెట్టింది. ఇప్పుడు వేలకొద్దీ ఉదాహరణలు చూపించి యంత్రానికే నేర్పిస్తున్నారు.

అయినా జానపదాల్లోని పాత ట్రిక్కు ఒకటుంది. కెమెరా ఆపి, మనిషిని పక్కకి తప్పించి, మళ్ళీ తిప్పితే మాంత్రికుడు మాయం! సెట్టు అదే, వెలుగు అదే. రంగులు లెక్కబెట్టే యంత్రం అక్కడ కట్ ఉందనే గ్రహించకపోవచ్చు. నేల టిక్కెట్టు కుర్రాడు మాత్రం ఈల వేస్తాడు.

ఇక కోదాడ మిత్రుడి బాధ: "ఎడిటింగ్ నేర్చుకుంటానంటే, మిషను చేసే పనికి నువ్వెందుకురా అంటున్నారు ఇంట్లో."

తమ్ముడూ, శ్రద్ధగా విను. పాత సినిమాల్ని బాగుచేసేటప్పుడు ముందు కావలసింది ఈ కట్ల పట్టికే. ఫ్రేము మీది మచ్చ చెరపాలంటే ముందు వెనక ఫ్రేముల్లోంచి బొమ్మ తెచ్చి పూడుస్తారు. మధ్యలో కట్ ఉందని తెలీకపోతే, అడవి షాట్లోని కొమ్మ వచ్చి హీరోయిన్ బుగ్గ మీద వాలుతుంది! రంగులద్దడానికీ షాట్లు విడివిడిగా తెలియాలి. 1957 నాటి 'మాయాబజార్'కి హైదరాబాద్‌ గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ వారు రంగులద్దితే 2010 జనవరి 30న మళ్ళీ విడుదలైంది. లక్షల ఫ్రేముల్లో కట్లు చేత్తో గుర్తు పెట్టుకుంటూ కూర్చోవడమంటే మాటలా?

కాబట్టి కట్లు గుర్తుపెట్టి పట్టిక రాయడం వరకే నేర్చుకుంటే, మీ ఇంట్లోవాళ్ళ భయంలో న్యాయముంది. ఆ పని యంత్రం చేసేస్తోంది. కానీ అది చెప్పేది ఎవరో ఇదివరకే ఎక్కడ కట్ చేశారని. తల్లి ఏడుపు మీద ఇంకో రెండు సెకన్లు ఆగాలా, కొడుకు మొహానికి వెళ్ళాలా అన్నది ఆ లెక్కలో లేదు.

ఒక పని చెయ్యి. నీకిష్టమైన సినిమాలో పది నిమిషాలు సౌండు తీసేసి చూడు. ప్రతి కట్టూ రాసుకో. పక్కనే "ఇక్కడెందుకు?" అని ఒక్క ముక్క రాయి. తర్వాత పైసీన్‌డిటెక్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఆ పది నిమిషాలే లెక్కబెట్టించు. రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టి మీ నాన్నగారికి చూపించు. ఆయనేమన్నారో మాకూ రాయి!