చట్టం నిర్వచనంలో ఇమడని రక్తస్రావం

అండమాన్ నికోబార్ దీవుల జనాభా 2011 జనగణన ప్రకారం 3,80,581. ఆర్జిత హీమోఫిలియా అనే అరుదైన రక్తస్రావ వ్యాధి పది లక్షల జనాభాలో ఏటా సుమారు 1.5 మందికి సోకుతుందని బ్రిటన్‌లో జరిగిన పరిశీలన తేల్చింది. ఆ లెక్కన దీవులలో రెండేళ్లకు ఒక రోగి. ఆర్థిక శాఖలో ఫైలు మూసివేయడానికి ఇంతకు మించిన కారణం అక్కరలేదు. అయితే ఇదే లెక్కను 5 కోట్ల జనాభా గల ఆంధ్రప్రదేశ్‌కు వర్తింపజేస్తే ఏడాదికి 75 మంది కావాలి. వారిలో ఎందరి కేసుషీటుపై ఈ వ్యాధి పేరు కనిపిస్తున్నదో మన జిల్లా ఆసుపత్రుల వైద్యులే చెప్పాలి.

రక్తం గడ్డకట్టడానికి కావలసిన పదార్థాలలో ఎనిమిదవ కారకం ఒకటి. పుట్టుకతో వచ్చే హీమోఫిలియాలో అది శరీరంలో చాలినంత తయారు కాదు. ఆర్జిత హీమోఫిలియాలో తయారవుతుంది కానీ, శరీరపు రక్షణ వ్యవస్థే దానిని శత్రువుగా పొరబడి, ప్రతిరక్షకాలను పుట్టించి నిర్వీర్యం చేస్తుంది. కుటుంబంలో ఎవరికీ ఈ జబ్బు ఉండదు. స్త్రీ పురుష భేదం లేదు. పదమూడు ఐరోపా దేశాలలో 501 మంది రోగుల వివరాలు సేకరించగా వారి మధ్యస్థ వయస్సు 74 ఏళ్లు. సగం మందిలో కారణమే కనిపించలేదు. తక్కిన వారిలో కొందరికి క్యాన్సర్, కొందరికి కీళ్లవాతం వంటి స్వయం నిరోధక వ్యాధులు ఉన్నాయి. కొందరు కొత్తగా ప్రసవించిన తల్లులు.

నిన్నటి దాకా ఆరోగ్యంగా తిరిగిన వృద్ధుడి తొడ ఉన్నట్టుండి వాచి నల్లబడుతుంది. సూది పొడిచిన చోట రక్తం ఆగదు. చీముగడ్డ అనుకొని కత్తి పెడితే ప్రాణానికే ముప్పు. సిరలో రక్తం గడ్డకట్టిందని భావించి హెపారిన్ ఇస్తే ఇంకా అనర్థం. అండమాన్‌లో ఈ ప్రమాదానికి మరొక కోణం ఉంది. రక్తస్రావం అనగానే అక్కడి వైద్యుని దృష్టి ఎలుక జ్వరం మీదికో, డెంగీ మీదికో, పాముకాటు మీదికో పోతుంది. పోవలసిందే కూడా. కానీ జ్వరం లేక, ప్లేట్‌లెట్లు తగ్గక, కాటు గాయం కనిపించక, ప్రోత్రాంబిన్ సమయం సవ్యంగానే ఉండి, ఏపీటీటీ ఒక్కటే పెరిగినప్పుడు ఆలోచన మరో దారి పట్టాలి.

ఆ తరువాతి పరీక్షకు కోట్ల రూపాయల యంత్రాలు అవసరం లేదు. రోగి ప్లాస్మాను ఆరోగ్యవంతుని ప్లాస్మాతో సమానంగా కలిపి గడ్డకట్టే వ్యవధిని చూడాలి. పిమ్మట దానిని 37 డిగ్రీల వేడిలో రెండు గంటలు ఉంచి మళ్లీ చూడాలి. కొరత మాత్రమే అయితే కలిపిన ప్లాస్మా దానిని పూరిస్తుంది. ప్రతిరక్షకాలు ఉంటే మొదట సరిపోయినట్లు కనిపించినా రెండు గంటల తరువాత వ్యవధి మళ్లీ పెరుగుతుంది. ఆ రెండు గంటలు ఓపిక పట్టని ప్రయోగశాల వ్యాధి లేదని నివేదిక ఇచ్చే ప్రమాదం ఉంది. ప్రతిరక్షకాల బలాన్ని కొలిచే బెథెస్డా పరీక్షకు మాత్రం ఘనీభవింపజేసిన ప్లాస్మాను చెన్నైకో వెల్లూరుకో విమానంలో పంపవచ్చు.

పరీక్ష లేకపోతే ఏమవుతుందో ఈ దీవులకు అనుభవమే. 1988 నుంచి ఉత్తర అండమాన్‌లోని దిగ్లిపూర్ ప్రాంతంలో వర్షాకాలం ముగిసే సమయాన జ్వరం, రక్తస్రావంతో అంతుపట్టని వ్యాధి ప్రబలింది. 'అండమాన్ రక్తస్రావ జ్వరం' అని పేరైతే పెట్టారు. అది లెప్టోస్పైరోసిస్ అని తేలింది 1993లో, పోర్ట్ బ్లెయిర్‌లోని ప్రాంతీయ వైద్య పరిశోధన కేంద్రం రంగంలో దిగిన తరువాత. ఆ వ్యాధి అక్కడికి కొత్తదీ కాదు. టేలర్, గోయల్ అనే వైద్యులు అండమాన్‌లో లెప్టోస్పైరోసిస్‌పై 1931లోనే ప్రత్యేక గ్రంథం వెలువరించారు. పెన్సిలిన్‌తో చికిత్స చేయదగిన జబ్బుకు అసలు పేరు దొరకడానికి ఐదేళ్లు పట్టడం ఎవరి తప్పని ఇప్పుడు వాదించి లాభం లేదు.

చికిత్స విషయానికి వస్తే సమస్య డబ్బుది, దూరానిది. ఎనిమిదవ కారకాన్నే ఎక్కించడం తరచు చిల్లికుండలో నీళ్లు పోయడమే అవుతుంది. ప్రతిరక్షకాలు దానినీ మింగేస్తాయి. ఆ కారకంతో పని లేకుండా రక్తాన్ని గడ్డకట్టించే మందులు వాడాలి. అటువంటి మందులు వాడిన వారిలో 90 శాతానికి పైగా రక్తస్రావం అదుపులోకి రాగా, ఎనిమిదవ కారకమో డెస్మోప్రెసినో ఇచ్చిన వారిలో 70 శాతం వద్దే ఆగిందని పైన చెప్పిన ఐరోపా వివరాలు చూపుతున్నాయి. వీటిలో ఒకటైన ఏడవ కారకాన్ని కిలో బరువుకు 90 మైక్రోగ్రాముల చొప్పున రెండు మూడు గంటలకు ఒకసారి ఇవ్వాలి. 60 కిలోల మనిషికి రోజుకు 43 నుంచి 65 మిల్లీగ్రాములు. ఖర్చు లక్షలలో తేలుతుంది. ప్రతిరక్షకాలను అణచే ప్రెడ్నిసొలోన్, సైక్లోఫాస్ఫమైడ్ మాత్రం చవకైన పాత మందులే. ఆ రెండూ కలిపి ఇచ్చిన వారిలో 70 శాతం మంది పూర్తిగా కోలుకున్నారు.

క్యాంప్‌బెల్ బే నుంచి, 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌కే అయిదు వందల కిలోమీటర్లు దాటుతుంది. అక్కడి నుంచి చెన్నైకి విమానమైతే రెండు గంటల పైచిలుకు, ఓడ అయితే మూడు రోజులు. రక్తం కారుతున్న రోగిని కదిలించడమే ప్రమాదమైనప్పుడు రోగి మందు దగ్గరకు పోవాలా, మందే రోగి దగ్గర ఉండాలా? దీవులలో ప్రతి ఎనిమిది మందిలో ఒకరి మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లిన ఆ మత్స్యకార కుటుంబాలకు ఇది పుస్తకాల ప్రశ్న కాదు.

రెండేళ్లకొక రోగి కోసం తెచ్చిపెట్టిన ఖరీదైన మందు గడువు తీరి చెత్తలో పడుతుందన్న అభ్యంతరం సహేతుకమే. దానికి మార్గం ఉంది. గోవింద వల్లభ పంత్ ఆసుపత్రిలో ఒక రోగికి మూడు రోజులకు సరిపడే మందు ఉంచి, గడువుకు ఆరు నెలల ముందే దానిని ప్రధాన భూభాగంలోని ఏదైనా హీమోఫిలియా చికిత్సా కేంద్రానికి మార్చి కొత్తది తెచ్చుకోవచ్చు. పుట్టుకతో హీమోఫిలియా ఉండి ప్రతిరక్షకాలు పుట్టిన రోగులకు అక్కడ అదే మందు అవసరమవుతుంది. ఇది జమాఖర్చుల సర్దుబాటే తప్ప కొత్త పథకం కాదు.

చిక్కల్లా కాగితాల మీదే ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం హీమోఫిలియాను వంశపారంపర్య వ్యాధిగా, సాధారణంగా పురుషులకే వచ్చే వ్యాధిగా నిర్వచించింది. ప్రసవానంతరం రక్తం ఆగని తల్లి ఆ నిర్వచనంలో ఎక్కడ ఇముడుతుంది? 2021 నాటి అరుదైన వ్యాధుల జాతీయ విధానం సైతం ప్రధానంగా జన్యు వ్యాధులను దృష్టిలో ఉంచుకొన్నదే. ఈ రోగులలో అధికులు కోలుకుంటారు కనుక వారికి వైకల్య ధ్రువపత్రం ఎందుకని అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. వారికి కావలసింది ధ్రువపత్రం కాదు. హీమోఫిలియా పేరిట కొన్న మందు వారికీ ఇవ్వవచ్చునన్న ఒక్క ఉత్తర్వు. చట్టం మాట వేరు. దాని షెడ్యూలును నోటిఫికేషన్‌తోనే సవరించే అధికారాన్ని 99వ సెక్షన్ కేంద్రానికి ఇచ్చింది. అందుకు పార్లమెంటు సమావేశం దాకా ఆగనక్కరలేదు.