మిగిల్చిన రూపాయి

నెల మొదటి ఆదివారం సాయంత్రం ఏ సూపర్ మార్కెట్‌కి వెళ్లినా, నూనె ప్యాకెట్ల దగ్గర ఒకాయన ఫోన్ చెవిన పెట్టుకుని నిలబడి ఉంటాడు. "రెండు కొంటే మూడోది ఉచితమట, తీసుకోనా?" అని ఇంటికి అడుగుతుంటాడు. "పోయిన నెల తెచ్చిందే ఇంకా ఉంది, వద్దులెండి" అని అవతలి నుంచి వచ్చే జవాబు పక్కవాళ్లకూ వినిపిస్తుంది. సరేనంటూ రెండడుగులు ముందుకేసి, మళ్లీ వెనక్కొచ్చి తీసుకుంటాడు. ఉచితమన్న మాటను కాదని వెళ్లిపోవడం అంత తేలికేం కాదు.

ఇంకాస్త ముందుకెళితే ఒక పెద్దావిడ కళ్లజోడు సవరించుకుంటూ సబ్బుల కట్ట మీద ధర చదువుతుంటుంది. నాలుగూ కలిపి ఇంత, విడిగా ఒక్కోటి ఇంత, మరి కలిసొచ్చేది ఎంత? పక్కనున్న మనవరాలు ఫోన్‌లో లెక్క తేల్చేలోపే నోటిలెక్క కట్టేసి, కట్ట బుట్టలో వేసేస్తుంది.

తగ్గింపు చీటీల పిచ్చి ఈనాటిది కాదు. 1880ల చివర్లోనే అమెరికాలోని అట్లాంటాలో కోకాకోలా వాళ్లు, ఇది చూపిస్తే ఒక గ్లాసు ఉచితం అంటూ చీటీలు పంచారు. తర్వాత ఆ దేశంలో ఆదివారం పేపర్‌తో పాటు కూపన్ల కట్ట రావడం, దాన్ని కత్తెరతో కత్తిరించి దాచుకోవడం ఇంటింటి అలవాటయింది. కొడుకు దగ్గరికని ఇక్కడి నుంచి వెళ్లిన అమ్మలకి ఆ కత్తెర పని ఇట్టే పట్టుబడుతుంది. కొత్తిమీర కట్ట ధరను రూపాయల్లోకి మార్చుకుని గుండె పట్టుకున్న మనిషికి కూపన్ విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు.

మన ఇళ్లలో ఒకప్పుడు తగ్గింపు చీటీ పంటకాలమే పంపేది. సంక్రాంతి వెళ్లాక కొత్త కందులు, ఎండలు ముదిరేలోపు కొత్త చింతపండు, గుంటూరు మిరప. సరుకు దండిగా వచ్చి ధర దిగిన రోజుల్లోనే ఏడాదికి సరిపడా కొనేవాళ్లు. కొన్నంత మాత్రాన అయిపోదు. కందిపప్పుకి ఆముదం పట్టించి ఎండబెట్టాలి. చింతపండులో గింజలు, ఈనెలు తీసి, ఉప్పు కలిపి జాడీకెత్తాలి. మిరపకాయలు గలగలలాడేదాకా ఎండాక తొడిమలు తీసి కొట్టించాలి. చవగ్గా వచ్చిందనుకున్న ఆ సరుకులో సగం ఇంటి ఆడవాళ్ల రెక్కల కష్టం. దానికి ధర కట్టాలని ఎవరికీ తోచలేదు.

కిరాణా కొట్టులో మర్యాద మరో తీరు. నెలంతా ఖాతాలో రాయించుకున్న పద్దు మొదటి తారీఖున తీర్చేస్తే, పై చిల్లర కొట్టాయన వదిలేసేవాడు. తూకం అయ్యాక ఓ పిడికెడు కొసరు పొట్లంలో పడేది. సరుకుల చీటీ పట్టుకొచ్చిన పిల్లవాడి చేతిలో బెల్లం ముక్కో, గుప్పెడు పుట్నాలపప్పో పెట్టేవాడు. ఇక ఆ పిల్లవాడు ఇంకో కొట్టు మెట్లెక్కితే ఒట్టు! ఇప్పుడు పెద్ద పెద్ద దుకాణాలు కార్డులిచ్చి, పాయింట్లు కలిపి చేస్తున్నదీ అదే పని. బెల్లం ముక్క తీపి మాత్రం పాయింట్లకు రాలేదు.

మధ్యాహ్నం వేళ వీధిలో స్టీలు సామాను కేక వినబడితే బీరువాల్లోంచి పాత చీరలు, ప్యాంట్లు బయటికొచ్చేవి. ఆరు చీరలిస్తేనే టిఫిను డబ్బా అని సామానమ్మే ఆవిడ, నాలుగుకి ఇస్తే ఇవ్వు లేకపోతే లేదని ఇల్లాలు. పొయ్యి మీద పాలు పొంగినా బేరం తెగేది కాదు. ఆఖరికి ఒక పాత చొక్కా చేర్చి, డబ్బాతో పాటు ఒక గరిటె కూడా రాబట్టాకే తలుపు మూసేవాళ్లు. ఆ తర్వాతెప్పుడో పాత బట్టలు, పాత పేపర్లు తెచ్చిస్తే కూపన్లిస్తామని బిగ్ బజార్ ప్రకటిస్తే, మనవాళ్లకు అది వింతేమీ అనిపించలేదు. అదే బిగ్ బజార్ 2006 జనవరి 26న అన్నిటికన్నా చవకైన రోజంటూ తలుపులు తెరిస్తే, జనాన్ని ఆపలేక కొన్నిచోట్ల మూసుకోవాల్సి వచ్చింది.

పిల్లలు మాత్రం తక్కువ తిన్నారా? 1999 ప్రపంచ కప్‌కి ముందు బ్రిటానియా బిస్కెట్ల రేపర్ల మీది పరుగులు కూడబెట్టినవాళ్లకు ఇప్పుడు నలభై దగ్గర పడి ఉంటాయి. బహుమతి కొట్టి ఇంగ్లండ్ వెళ్లి మ్యాచ్ చూసింది వాళ్లలో ఏ కొందరో. మిగిలినవాళ్లకు దక్కింది, రేపర్లు దాచిన లెక్కల పుస్తకం తెరిస్తే గుప్పుమనే బిస్కెట్ వాసన.

ఇంతా చేసి మిగిలేది ఎంత? ఏ పదిహేనో ఇరవయ్యో. అందుకోసం వెళ్లిరావడానికి ఆటోకి అంతకు రెట్టింపు ఇచ్చినవాళ్లూ ఉంటారు. వాళ్లను చూసి నవ్వాలనిపించదు. ధరలు మన చేతిలో లేవు. జీతం పెరగడమూ మన చేతిలో లేదు. ఈ కాస్త మాత్రం మన చూపు వల్ల, మన ఓపిక వల్ల మిగిలింది. సంసారం మన అదుపులోనే ఉందన్న ధైర్యం అంత చవగ్గా ఇంకెక్కడ దొరుకుతుంది?

సంపాదించిన రూపాయికి జీతం కాగితం సాక్ష్యం ఉంటుంది. మిగిల్చిన రూపాయికి సాక్ష్యం ఉండదు. మన అమ్మలు, నాయనమ్మలు ఒబ్బిడిగా వెనకేసింది పోపుల డబ్బాలో ఆవాల గిన్నె కింద, బియ్యం డ్రమ్ము అడుగున గుట్టుగా ఉండేది. పిల్లాడి పరీక్ష ఫీజుకి గడువు ముంచుకొచ్చిన రోజున బయటపడేది. "నీ దగ్గరెక్కడిదే ఇంత?" అని ఇంటాయన ఆశ్చర్యపోయేవాడు. ఎలా మిగిల్చావని మాత్రం అడిగేవాడు కాదు.

ఇప్పుడు చాలా దుకాణాల్లో బిల్లు అడుగున, మీరు ఇంత ఆదా చేశారని అచ్చేసి ఇస్తున్నారు. మొత్తం ఎంతయిందో చూడకముందే కళ్లు ఆ వరుస మీదికి పోతాయి. ఇంటికొచ్చాక దాన్ని పైకి చదివి వినిపించేవాళ్లూ ఉన్నారు. వ్యాపారంలో అదొక కిటుకే కావచ్చు. అయినా భేష్ అన్న మాట వినాలని ఎవరికుండదు? ఇంట్లో ఎవరూ అనకపోతే, ఆ బిల్లయినా అంటోంది.

అయితే ఆ వరుసలో ఉండేది దుకాణం తగ్గించిన ధర మాత్రమే. తనకని తీసుకున్న తలనూనె సీసాను కౌంటర్ దాకా వచ్చాక వద్దని పక్కన పెట్టి, ఆ డబ్బుకు పిల్లలకి బాదంపప్పు వేయించుకున్న లెక్క అందులో ఎక్కదు. అది ఇంట్లోవాళ్లకే తెలియాలి. సరుకుల సంచి అందుకుంటూ "ఇందులో నీకోసం ఏం తెచ్చుకున్నావ్?" అని ఒక్క మాట అడిగితే చాలు, కొంతైనా తెలుస్తుంది.