ఫోన్లో పాఠం సరే, చెప్పే గొంతు ఎవరిది?

ఒకప్పుడు మనల్ని బడి గడప తొక్కనియ్యలేదు. తొక్కనిచ్చిన చోట కూడా వెనకాల, విడిగా కూర్చోబెట్టినారు. ఇప్పుడు బడే ఫోనెక్కి మన గేరిలోకి వస్తా ఉందంటున్నారు. వస్తా ఉన్న మాట నిజమే. ఆళ్లగడ్డ బజార్లో సెల్లు అంగళ్లకు కొదవ లేదు. చాగలమర్రి, రుద్రవరం, శిరివెళ్ల, దొర్నిపాడు, ఉయ్యాలవాడ, ఏ మండలంలో ఏ మాలగేరికి, ఏ మాదిగగేరికి పోయినా పెద్ద ఫోను కనబడుతుంది. అయితే అందులో వచ్చే పాఠం ఎవరు రాసినారు, ఎవరి గొంతుతో చెబుతున్నారు, మన బతుకుకు దాంట్లో చోటుందా అని అడిగే మనిషి మాత్రం కనబడడు. అడగాల్సింది మనమే.

ముందు జరిగింది గుర్తు చేసుకుందాం. 2020 మార్చిలో బళ్లు మూతబడినాయి. జూన్‌లో దూరదర్శన్ సప్తగిరిలో 'విద్యా వారధి' పేరుతో పాఠాలు పెట్టినారు. టీవీ ఉన్నోళ్లు కరెంటు ఉన్నంతసేపు చూసినారు. ఆ తర్వాత అందరూ ఫోన్ పాఠాల మీద పడినారు. ఇంటికి ఒకటే ఫోను. అది పొద్దున్నే నాయన జేబులో పనికి పోతుంది. సాయంత్రం తిరిగొస్తే అన్న పట్టుకుంటాడు. ఆడపిల్ల చేతికి వచ్చేసరికి ఛార్జింగూ ఉండదు, డేటా కూడా ఉండదు. ఇది కోపం కొద్దీ అంటున్న మాట కాదు. 2019-21లో కేంద్రం చేయించిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్నెట్ ఒక్కసారన్నా వాడిన ఆడవాళ్లు 100కి 21 మంది. మొగవాళ్లు దాదాపు 49 మంది. ఇది అన్ని కులాల ఆడవాళ్లను కలిపి వేసిన లెక్క. మన గేరి ఆడవాళ్లను విడిగా లెక్కిస్తే ఎంతకు దిగుతుందో మీరే ఊహించుకోండి.

తర్వాత ట్యాబులొచ్చినాయి. 2022 డిసెంబరు 21న మొదలుపెట్టి ఎనిమిదో తరగతి పిల్లలకు, అయ్యవార్లకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబులు సర్కారు పంచింది. వాటిలో బైజూస్ కంపెనీ పాఠాలు వేసి ఇచ్చినారు. సర్కారు బడి పిల్లోని చేతికి అట్లాంటి వస్తువు రావడం చిన్న సంగతి కాదు, దాన్ని ఎగతాళి చేసేవాళ్లతో మనం కలవం. దొరబిడ్డల చేతిలో ఉంటే చదువు, మన బిడ్డల చేతిలో ఉంటే ఆట అనే నోళ్లు మనకు కొత్త కాదు. మన పేచీ వేరే ఉంది. ఆ పాఠం తాళం వేసిన పెట్టె లాంటిది. మన ఊరి అయ్యవారు దాన్ని విప్పి, ఒక మాట మార్చి, మన ఉదాహరణ పెట్టి చెబుదామంటే కుదరదు. 2024 జూలైలో ఆ కంపెనీయే దివాలా విచారణలోకి పోయింది. తాళంచెవి ఉన్నోడే కోర్టు మెట్లెక్కితే పెట్టె సంగతి ఏంది?

దానికంటే 2017 సెప్టెంబరు 5న కేంద్రం మొదలుపెట్టిన దీక్ష నయం. మన పిల్లల పుస్తకాల్లో పాఠం పక్కన ఉండే నల్లచుక్కల గళ్లు దానివే. ఫోను కెమెరా పెడితే పాఠం తెరుచుకుంటుంది. ఒకసారి దించుకుంటే మళ్లీ డేటా అక్కర లేకుండా చూడొచ్చు. చాలా పాఠాలు క్రియేటివ్ కామన్స్ షరతు కింద ఉన్నాయి. అంటే చేసినవాళ్ల పేరు చెప్పి వాడుకోవచ్చు, పంచుకోవచ్చు. ఈ సంగతి మన కార్యకర్తల్లోనే చాలామందికి తెలియదు. తెలుసుకుని గేరిలో చెప్పండి. కాని దాంట్లో కూడా పాఠం చెప్పేది రాయలసీమ నోరు కాదు. కయ్య, గెనిమ, సద్ది అనే మాటలు పుట్టినప్పటి నుంచి వింటున్న పిల్లకు ఆ పాఠం పరాయి ఇంటి ముచ్చట మాదిరి ఉంటుంది.

మరి మనమే చేసుకోలేమా? చదువు రాని మనకు ఇదంతా ఎట్లా అని వెనక్కి తగ్గేవాళ్లు పస్తాపూర్ సంగతి వినాలి. అప్పటి మెదక్ జిల్లా, ఇప్పటి సంగారెడ్డి జిల్లాలో జహీరాబాద్ దగ్గర ఊరది. అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత ఆడవాళ్లు, చాలామంది బడి మొహం చూడనివాళ్లు, 1990ల చివర్లో వీడియో కెమెరా పట్టినారు. తమ విత్తనాల మీద, తమ సేద్యం మీద తామే సినిమాలు తీసినారు. 2008 అక్టోబరు 15న మాచునూరులో సంఘం రేడియో పెట్టుకున్నారు. వాళ్లు కెమెరా చూపుకు పెట్టుకున్న పేర్లు వింటే సినిమా బళ్లలో చదివినవాళ్లు కూడా నోరు తెరుస్తారు. కింద కూర్చున్నవాడు కుర్చీలో ఉన్న పటేలును తలెత్తి చూసినట్టు తీస్తే అది ఒక రకం షాట్. పటేలు పై నుంచి జీతగాన్ని చూసినట్టు తీస్తే అది ఇంకొక రకం. ఎదురెదురుగా, కంటికి కన్ను సమంగా పెట్టి తీస్తే అది సంఘం షాట్. తమ సినిమాలకు సంఘం షాటే కావాలన్నారు. ఫోన్లో పాఠం తీయబోయే ప్రతి ఒక్కరికీ ఇంతకు మించిన మొదటి పాఠం లేదు. చిన్నపిల్లను తీసేటప్పుడు నిలబడి తీయకండి, కింద కూర్చోండి.

ఇంగ పని సంగతి. పాఠం చిన్నదిగా ఉండాలి. ఒక పాఠంలో ఒకే సంగతి, నాలుగైదు నిమిషాలకు మించొద్దు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్లు 1980ల చివర నుంచి పల్లె బళ్లలో నడిపిన పద్ధతి చూడండి. పాఠాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, మెట్టుకొక కార్డు చేసినారు. పిల్ల తన మెట్టు తానే చూసుకుని ఎక్కుతుంది. ఆ కార్డుల పెట్టెకు 'పెట్టెలో బడి' అని పేరొచ్చింది. తమిళనాడు సర్కారు బళ్లు కూడా దాన్ని చూసి తమ పద్ధతి మార్చుకున్నాయి. ఇందులో మనకు పనికొచ్చే కిటుకు ఒకటుంది. మిరపకాయల కోతకు అమ్మానాయనలతో రెండు నెలలు గుంటూరు పక్క పోయిన పిల్ల తిరిగొచ్చినప్పుడు క్లాసు ముందుకు పోయి ఉంటుంది, పిల్ల వెనకబడి ఉంటుంది. మెట్ల పద్ధతిలో ఆ పిల్ల తాను వదిలిపోయిన మెట్టు దగ్గరే మళ్లీ మొదలుపెడుతుంది. కోతకు పోయిన చోటికే మెమరీ కార్డులో పాఠం కూడా వెంట పోతే ఇంకా మేలు గదా.

మాట ముందు కాగితం మీద రాయండి. రాసింది చదివి ఒక అవ్వకు, ఒక ఐదో తరగతి పిల్లకు వినిపించండి. వాళ్లు ఎక్కడ ముఖం చిట్లిస్తే అక్కడ మాట మార్చండి. తర్వాతే రికార్డింగు. గొంతు తీసేటప్పుడు ఫ్యాను ఆపండి, దుప్పట్లు, బట్టలు ఉన్న చిన్న గదిలో కూర్చోండి. ఖాళీ గదిలో గొంతు మోగుతుంది. ఫోను నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకు ఉండాలి. తప్పులు కోసేయడానికి కంప్యూటర్లో ఆడాసిటీ ఉంది, పైసా ఖర్చు లేదు.

వీడియో మోజులో పడకండి. ఇది లెక్కతో చెబుతున్న మాట. ఫోను కెమెరాతో మంచి నాణ్యతలో తీస్తే ఒక్క నిమిషానికే 100 ఎంబీ పైన అవుతుంది. ఐదు నిమిషాల పాఠాన్ని బాగా కుదించినా 20 ఎంబీ దగ్గర ఉంటుంది. అదే ఐదు నిమిషాల గొంతును మోనోలో, 48 కేబీపీఎస్ ఎంపీ3గా మారిస్తే 2 ఎంబీ లోపే. ఒక వీడియోకు పట్టే చోటులో పది గొంతు పాఠాలు పడతాయి. పైగా ఎంపీ3 అయితే కార్డు పట్టే బటన్ ఫోన్లో కూడా మోగుతుంది. మన ఆడవాళ్ల చేతుల్లో ఎక్కువ ఉండేది ఆ ఫోనే. బొమ్మ తప్పనిసరి అయిన చోట నాలుగు ఫోటోలు చాలు. కదిలే బొమ్మ లేకుంటే అర్థమే కాదన్నప్పుడే వీడియో తీయండి.

అక్షరాల సంగతి ఒకటి చెప్పాలి. మన కరపత్రాలు ఏళ్ల తరబడి అను ఫాంట్లలో కంపోజు చేసినవి. వాటిని అట్లే ఫోన్లోకి పంపితే పిచ్చి గీతలు వస్తాయి. యూనికోడ్‌లోకి మార్చినాకే పంపండి. మండలి, సురవరం, రామభద్ర లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. అక్షరం పెద్దదిగా, వరుసకు నాలుగైదు మాటలు మించకుండా పెట్టండి. ఎండలో నిలబడి చదవగలిగితే అది సరైన సైజు.

ప్రశ్నలు, జవాబులు ఉండే పాఠం కావాలంటే హెచ్5పీ అనే ఉచిత సాధనం ఉంది. లూమి అనే దాంతో ఆ పాఠాన్ని కంప్యూటర్లోనే తయారు చేసి ఒకే ఫైలుగా తీసుకోవచ్చు, అది నెట్ లేకుండా బ్రౌజర్లో తెరుచుకుంటుంది. సంఘం ఆఫీసులో పాత ల్యాప్‌టాప్ ఉంటే కొలిబ్రి వేసుకోండి. చుట్టూ ఉన్న ఫోన్లు వైఫైతో దానికి తగులుకుని పాఠాలు తెరుస్తాయి, ఇంటర్నెట్ అక్కరలేదు. ఏ పిల్ల ఎంతవరకు చేసిందో అది లెక్క రాసి పెడుతుంది. రాత్రిబడికి ఇంతకంటే ఏం కావాలి?

ఇంతా చేసి పాఠంలో ఏం పెడతాం? మళ్లీ ఆపిల్ పండ్లు, రైలు బండ్ల లెక్కలేనా? ఘనపరిమాణం చెప్పాలంటే మట్టిపని గుంత కంటే మంచి బొమ్మ ఏముంది? 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, అర మీటరు లోతు తవ్వితే 3 ఘనపు మీటర్లు. ఆ లెక్క తెలిసిన పిల్ల కొలత దగ్గర తల్లి పక్కన నిలబడితే కొలిచేవాడు టేపు సరిగ్గా పట్టుకుంటాడు.

ఇంకొకటి. ఆమ్లాలు, క్షారాలు అని సైన్సు పుస్తకంలో ఉంటుంది. మన తాతలు పచ్చితోలును సున్నపు నీళ్లలో నానబెట్టినారు. సున్నం క్షారం, అది వెంట్రుక కుదుళ్లను వదులు చేస్తుంది. గీకి కడిగినాక లందలో తంగేడు చెక్క నీళ్లలో వేసినారు. ఆ చెక్కలోని టానిన్ తోలులోని మాంసకృత్తులను పట్టుకుంటుంది, అందుకే తోలు కుళ్లదు. ఇది రసాయనశాస్త్రం. దీన్ని చేసినవాళ్లను ఊరి బయట పెట్టి, చెప్పులు మాత్రం ఊరి లోపలికి తీసుకున్నారు. లంద పని చేసిన తాతలు ఇంకా మన మధ్య ఉండగానే వాళ్ల గొంతుతో ఈ పాఠం రికార్డు చేయాలి. తాతగారు పని చెబుతారు, ఇంటర్ చదివే మనవరాలు దాని రసాయనం చెబుతుంది. పిల్లలను తిరిగి లందలో దించడానికి కాదు ఇది. ఆ పని గొప్పదని పొగిడి అందులోనే ఉండమనే పెద్దమనుషులను మనం ఎరుగుదుం. మన పిల్ల ప్రయోగశాలలోకి పోవాలి, పోయేటప్పుడు తాతను తలచుకుని సిగ్గుపడకూడదు.

రెండు జాగ్రత్తలు. పిల్లల ముఖాలు, ఊరు, బడి పేరు కలిపి వాట్సాప్‌లో తిప్పొద్దు. ఆడపిల్ల ఫోటో ఒకసారి చేయి దాటితే వెనక్కి రాదు. పాఠానికి ముఖం అక్కరలేదు, చేతులు చూపించినా చాలు. పెద్దవాళ్ల గొంతు తీసేటప్పుడు ఎందుకు తీస్తున్నామో, ఎవరికి వినిపిస్తామో ముందే చెప్పండి, తీసినాక వాళ్లకు వినిపించండి. వద్దంటే చెరిపేయండి. రెండోది, మన పాఠానికి తాళం వేయొద్దు. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, మార్చినవాళ్లు కూడా అట్లే వదలాలి అనే షరతు ఒక వాక్యంలో చివర చెప్పండి.

1920 జనవరి 31న అంబేద్కర్ మూక్‌నాయక్ మొదలుపెట్టినారు. అది కూడా మన పత్రిక మాదిరే పదిహేను రోజులకొకసారి వచ్చింది. డబ్బులిస్తామన్నా దాని ప్రకటనను కేసరి పత్రిక వెయ్యలేదని ఆయనే చెప్పుకున్నారు. ఆనాడు అచ్చుయంత్రం దగ్గర నడిచిన పేచీయే ఈనాడు ఫోను దగ్గర నడుస్తా ఉంది.

వచ్చే సంచికలోపు గేరికి ఒక పాఠం, ఐదు నిమిషాలు మించకుండా, ఎంపీ3లో. రాసిన కాగితం కూడా జతచేసి మెమరీ కార్డులో ఆళ్లగడ్డకు తెండి. మొదట వినేది రాత్రిబడి పిల్లలే. వాళ్లకు అర్థం కాని చోట గీత పెట్టి మీ కాగితం మీకు తిరిగిస్తాం.